ఎవరూ ముట్టుకోకుండానే కూస్తున్న మా క్లాసు ‘బెంగ’

గురుమా_పర్లాకిమిడి
జులై 9, రాత్రి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. నేను చదివింది ఒడియాలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. తెలుగు రాయడం అమ్మ నేర్పింది, మిగతాది వారపత్రికలు నేర్పాయి. అక్కడక్కడా ఒత్తులు జారితే సర్దుకుని చదవండి.

తొమ్మిదో తరగతికి శనివారం చివరి రెండు పీరియడ్లూ చేత్తో చేసే పని పెడతాను. ఏప్రిల్లో 555 ఐసీతో (కరెంటుని పదే పదే వేసి ఆపే ఎనిమిది కాళ్ళ టైమర్ చిప్పు) ముట్టుకుంటే కూసే పెట్టె చేయించాను. అట్ట మీద రెండు రేకులు పక్కపక్కన అంటించి ఉంటాయి. వాటి మధ్య చిటికెన వేలంత సందు. రెండిటి మీదా పడేలా వేలు ఆనిస్తే స్పీకరు కూస్తుంది. మెల్లగా ఆనిస్తే బొంగురుగా, గట్టిగా నొక్కితే సన్నగా కీచుమని. వేలు తీస్తే నోరు మూసుకుంటుంది.

మొదటి రోజు కూత రాలేదు. టక్, టక్, టక్ అని ఊరుకుంది. 102 అని రాసి ఉన్న కెపాసిటర్ పెట్టాల్సిన చోట 104 పెట్టాం. అంటే 0.001 మైక్రోఫారడ్‌కి బదులు 0.1 మైక్రోఫారడ్, వందింతలు. సెకనుకి ఏడు వందల సార్లు కొట్టుకోవలసింది ఏడుసార్లే కొట్టుకుంది. “గోడ గడియారం చేశాం గురుమా” అన్నాడొకడు. (ఇక్కడ ఆడ టీచర్లని గురుమా అంటారు, తెలుగు పిల్లలైనా సరే.) 102 మార్చాక బొంగురు గొంతుతో కూసింది. ఒడియా పిల్లలు వెంటనే “బెంగ, బెంగ” అని గోల. ఒడియాలో బెంగ అంటే కప్ప. తెలుగు పిల్లలేమో “దానికేం బెంగ పట్టుకుంది?” అని పడీ పడీ నవ్వారు. అప్పట్నుంచి ఆ పెట్టె పేరు బెంగే.

సర్క్యూట్ ఇలా కట్టాం. 8, 4 కాళ్ళు 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌కి, 1వ కాలు మైనస్‌కి. 7కీ 8కీ మధ్య 10 కె (పదివేల ఓమ్‌ల) రెసిస్టర్. 2, 6 కలిపి, అక్కడినుంచి మైనస్‌కి 102 కెపాసిటర్. 7వ కాలినుంచి ఇంకో 10 కె మీదుగా ఒక రేకుకి వైరు, 6వ కాలినుంచి రెండో రేకుకి వైరు. 5వ కాలినుంచి మైనస్‌కి 103. 3వ కాలినుంచి 10 మైక్రోఫారడ్, 100 ఓమ్‌ల మీదుగా 8 ఓమ్‌ల చిన్న స్పీకరు. రేకులంటే పార్సిల్ కట్టే అల్యూమినియం ఫాయిలే. దానికి టంకం అంటుకోదు కాబట్టి వైర్లని పేపర్ క్లిప్పులతో పట్టించాం.

ఏప్రిల్లో బాగానే పనిచేసింది. వేసవి సెలవుల్లో బీరువాలో పెట్టాం. వానలు మొదలయ్యాక తీసి బ్యాటరీ తగిలిస్తే, ఎవరూ ముట్టుకోకుండానే గుర్ర్‌మని కూస్తోంది! వేలు ఆనిస్తే గొంతు పెరుగుతుంది, తీస్తే మళ్ళీ గుర్రు. సరే, పాతది పాడయిందేమో అని మొన్న శనివారం కొత్త అట్టలు నాలుగు చేయించాను. నాలుగూ కూస్తున్నాయి.

నేను చూసినవి: ఐసీ మార్చాను. బ్యాటరీ మార్చాను. కరెంటు పోయినప్పుడు కూడా అదే కూత, కాబట్టి గోడలో వైర్ల నుంచి వస్తున్నది కాదు. టంకం వేసిన చోట్లన్నీ స్పిరిట్‌తో తుడిచాను. ఫోన్లో తంబురా శ్రుతి చూసుకునే యాప్ పెడితే ముట్టుకోనప్పటి కూత 240 హెర్ట్జ్ దగ్గర చూపిస్తోంది. వైర్లు తీసేసి రెండు రేకుల మధ్యా నిరోధం చూడ్డానికి మీటరు పెట్టాను. మా దగ్గరున్నది ఆ పసుపుపచ్చ చవక మీటరు. అన్నిటికన్నా పై రేంజిలో పెట్టినా ఎడమవైపు ‘1’ చూపించి ఊరుకుంటోంది. అంటే రేకుల మధ్య దారి లేదనేగా?

మీటరేమో లేదంటోంది, బెంగేమో ఉందంటోంది. ఎవరిని నమ్మను?

ఇంకో రెండు చిన్న సందేహాలు. బ్యాటరీలకి ఖర్చవుతోందని పాత ఫోన్ చార్జరుతో ఒకసారి నడిపాను, నడిచింది. అలా చేయొచ్చా? రెండోది, ఒక పిల్ల దీని మీద సరిగమలు వాయించాలని పట్టుబట్టింది. కుదురుతుందా?


మూడుకాళ్ళ_ట్రాన్సిస్టర్ (విజయనగరం)
జులై 9, రాత్రి

మేడమ్, ముందు ఆ చార్జరు పీకి బయట పారేయండి. మిగతావన్నీ తర్వాత.

మీ పిల్లలు ముట్టుకునేది నేరుగా సర్క్యూట్‌లోని తీగనే. బ్యాటరీ మీద నడిస్తే భయం లేదు. చర్మం నిరోధం సున్నా అనుకున్నా మీరు పెట్టిన రెండు 10 కెలు దాటి 9 వోల్టులకి అర మిల్లీ ఆంపియరు కూడా పోదు. చార్జరు సంగతి వేరు. దాని లోపల 230 వోల్టులకీ మీ 5 వోల్టులకీ మధ్య ఉన్నది ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, దాని చుట్ల మధ్య ప్లాస్టిక్ పొర. మంచి చార్జర్లలో కూడా ఆ రెండు వైపులకీ మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది. చార్జింగ్‌లో ఉన్న ఫోన్ లోహపు అంచు మీద వేలు రాస్తే జివ్వుమనేది అందుకే. చవక వాటిలో ఆ పొర ఎంత మందమో చేసినవాడికే తెలియాలి. అది చెడిన రోజున చెమట చేతుల పిల్లవాడు రేకుల మీద వేలు పెట్టి ఉంటాడు. బ్యాటరీ తప్ప ఇంకేదీ వద్దు. 9 వోల్టులది ఖరీదనుకుంటే పెన్సిల్ సెల్లులు నాలుగు వరసగా పెట్టండి. 6 వోల్టులు వస్తుంది, 555కి 4.5 ఉంటే చాలు.

కూత సంగతికొస్తే అది 50 హెర్ట్జ్ మెయిన్స్ హమ్ (గోడ కరెంటు గురగుర) అయ్యుంటుంది. వైర్లు పొడుగ్గా ఉంటే ఏంటెనాలా పట్టేస్తాయి. పొట్టిగా కత్తిరించి చూడండి.


గురుమా_పర్లాకిమిడి
జులై 9, రాత్రి

చార్జరు తీసేశాను, తప్పు నాదే. దాన్ని క్లాసు బీరువాలో కూడా ఉంచను.

కానీ బాబూ, కరెంటు పోయినా కూస్తోందని పైన రాశాను కదా. మాకు వానాకాలంలో కరెంటు పోవడానికి కొదవేం లేదు, ఆ పరీక్ష రోజుకి రెండుసార్లు దానంతటదే జరుగుతోంది.


మూడుకాళ్ళ_ట్రాన్సిస్టర్ (విజయనగరం)
జులై 10, ఉదయం

నిజమే, ఆ వాక్యం దాటేశాను. సారీ మేడమ్. పైగా 240 అన్నారు, 50కి దానికి పొంతన లేదు. అయితే 555 నకిలీదేమో. ఈ మధ్య అలాంటివి చాలా వస్తున్నాయి.


పాత_రేడియో (గుణుపురం)
జులై 10, మధ్యాహ్నం

ఐసీని అనకండి, పాపం. 555ని 1971లో హాన్స్ కామెన్‌జిండ్ అనే స్విట్జర్లాండ్ ఆయన అమెరికాలో సిగ్నెటిక్స్ కంపెనీకి గీసిచ్చాడు, ఆ మరుసటేడు బజారులోకి వచ్చింది. అప్పట్నుంచి దాని మీద పడ్డ నిందల్లో ముప్పాతిక చుట్టుపక్కల వాళ్ళు చేసిన తప్పులే.

అమ్మా టీచరమ్మా, రెండే ప్రశ్నలు.

ఒకటి. బ్యాటరీ ఉండగానే రేకుల మీది పేపర్ క్లిప్పులు రెండూ పీకేసి వైర్లు గాల్లో వదిలెయ్యి. అప్పుడు కూస్తోందా, ఆగిందా?

రెండు. ఫాయిలుని అట్టకి దేనితో అంటించారు?


గురుమా_పర్లాకిమిడి
జులై 10, సాయంత్రం

బాబాయి గారూ, క్లిప్పులు పీకితే ఆగిపోయింది! ఒక్కటి పీకినా చాలు. తగిలిస్తే మళ్ళీ మొదలు.

అంటించింది మైదా జిగురుతో. మా స్కూలు అటెండరు తాత పెద్ద గిన్నెడు ఉడికించి ఇచ్చాడు. చార్టులకీ దానికీ దీనికీ ఏడాది పొడుగునా అదే. ఎందుకడిగారు?


పాత_రేడియో (గుణుపురం)
జులై 10, రాత్రి

ఎందుకడిగానంటే, ఆ జిగురు ఏ రంగులో ఉంది?


గురుమా_పర్లాకిమిడి
జులై 11, మధ్యాహ్నం

ఇప్పుడే వెళ్ళి చూసొచ్చాను. లేత నీలం. తాతని అడిగితే “పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తానమ్మా, మా నాయన దగ్గర్నుంచీ అంతే” అన్నాడు. గిన్నెకి ఎంత వేస్తావంటే చెంచాతో చూపించాడు. చెంచా చిన్నదేం కాదు. ఉప్పు కూడా ఓ చిటికెడు వేస్తాడట, పులియకుండా.


పాత_రేడియో (గుణుపురం)
జులై 11, రాత్రి

ఇంక నీ కప్ప దొరికినట్టే.

మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు. క్లాసులో నువ్వే చెబుతావు, అది నీళ్ళలో కలిస్తే అయాన్లుగా విడిపోతుంది, కరెంటుకి దారి ఇస్తుంది అని. ఉప్పు సరేసరి. ఏప్రిల్లో మీ జిగురు ఎండకి గలగలా ఎండిపోయింది. ఎండిన ఉప్పులో అయాన్లు కదలవు, అందుకే బెంగ ఊరుకుంది. జూన్‌లో వాన పడింది. అట్ట తేమ పీల్చింది, మైదా పీల్చింది, ఉప్పు ఇంకా పీల్చింది. మీరు రేకుల వెనకాల పూసిన జిగురు సందులోకి కూడా పాకి ఉంటుంది, పిల్లలు పూస్తే పాకకుండా ఉండదు. ఇప్పుడు ఆ సందులో ఉన్నది అట్ట కాదు, ఎప్పటికీ తియ్యని ఒక తడి వేలు.

కావాలంటే ఒక ఫాయిలు మెల్లగా పీకి వెనక్కి తిప్పి చూడు. ఎర్రమట్టి రంగు మచ్చలు కనిపించాలి. అల్యూమినియం రాగిని ఉప్పులోంచి బయటికి నెట్టేసి తను అందులోకి పోతుంది. మామూలుగా అల్యూమినియం మీద ఉండే పొర దాన్ని కాస్త కాపాడుతుంది, కానీ మీ తాత వేసిన ఉప్పు ఆ పొరని తినేస్తుంది. స్థానభ్రంశ చర్య పాఠం ఉంటుంది కదా, దానికి వేరే పరీక్షనాళిక అక్కర్లేదు.

ఇప్పుడు నీ మీటరు గురించి. అది అబద్ధం చెప్పలేదు. దాని చూపు అంతవరకే. పై రేంజి మీద ఏం రాసి ఉందో చూడు, 2000 కె. అంటే 2 మెగా ఓమ్‌లు. అది దాటితే ఎంతైనా సరే ‘1’ చూపిస్తుంది. ‘1’ అంటే దారి లేదని కాదు, “నాకు అందలేదు” అని. చాలామంది మెకానిక్కులే అక్కడ పడతారు.

బెంగకి అందింది. లెక్క చెయ్యి. 1.44ని (555 కూత లెక్కలో ఎప్పుడూ వచ్చే అంకె) 240తో, మళ్ళీ 102 కెపాసిటర్ విలువతో భాగిస్తే 6 మెగా ఓమ్‌లు వస్తుంది. అది రెండో 10 కెనీ రేకుల మధ్య నిరోధాన్నీ కలిపి రెండింతలు చేసి, దానికి మొదటి 10 కె కూడితే వచ్చే మొత్తం. 10 కెలు రెండూ లెక్కలోకి రానంత చిన్నవి, వదిలెయ్యి. సగం చేస్తే 3 మెగా ఓమ్‌లు. మీటరుకి 2 దాకానే కనపడుతుంది, రేకుల మధ్య 3 ఉంది. ఇద్దరూ నిజమే చెప్పారు. (మరీ పెద్ద నిరోధాల దగ్గర మామూలు 555 కాళ్ళలోంచి పోయే కాస్త కరెంటు కూడా లెక్కని చెడగొడుతుంది, కాబట్టి 3 అంటే సుమారుగా 3 అనుకో.)

నేను గుణుపురంలో రేడియోలు బాగుచేసిన రోజుల్లో శ్రావణమాసం వచ్చిందంటే సగం సెట్లు ఇదే జబ్బుతో వచ్చేవి. నౌపడా నుంచి చిన్న రైల్లో వచ్చే సామాను తడిసే వచ్చేది. ఒక చెక్కపెట్టెలో 60 వాట్ల బల్బు వెలిగించి, సెట్టుని మూత తీసి రాత్రంతా అందులో పడుకోబెట్టేవాణ్ణి. పొద్దున్న సగం సెట్లు పాడుతూ లేచేవి. రిపేరు డబ్బులు మాత్రం తీసుకునేవాణ్ణి, బల్బుకి కరెంటు అవదూ?

చెయ్యాల్సింది: అట్ట మానెయ్యి, మైదా మానెయ్యి. ప్లాస్టిక్ డబ్బా మూత తీసుకుని దాని మీద జిగురున్న రాగి టేపు అంటించు. రాగికి టంకం కూడా పడుతుంది, క్లిప్పుల గొడవ పోతుంది. టంకం వేశాక మూతని స్పిరిట్‌తో తుడువు. తాతనేమీ అనకు. ఆయన జిగురుకి పురుగు పట్టదు, అది నిజమే.


రాయగడ_తబలా
జులై 12, ఉదయం

సరిగమల ప్రశ్న అందరూ వదిలేశారు, నేను అందుకుంటాను.

గురుమా గారూ, ఆ పిల్లకి చెప్పండి, ఈ పెట్టె హార్మోనియం కాదు. దీని లెక్కలో నిరోధం సగమైతే కూత రెండింతలవుతుంది. అంటే మధ్య స్థాయి ‘స’ నుంచి పై స్థాయి ‘స’కి ఎగిరినట్టు. ఒక స్వరస్థానం నుంచి పక్కదానికి ఉండే తేడా ఆరు శాతం దగ్గర. వేలి కింద చర్మం నిరోధం ఎంత నికరంగా ఉంటుందో ఆలోచించండి. కాస్త నొక్కితే సగానికి పడిపోతుంది, చెమట పడితే ఇంకా పడిపోతుంది. ఆరు శాతం తేడాలో వేలిని నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. సరిగమలే కావాలంటే వేలిని తీసేసి ఒక్కో స్వరానికి ఒక్కో రెసిస్టరూ ఒక్కో బటనూ పెట్టాలి. అప్పుడది వేరే వాద్యం.

దీనికి వచ్చింది గమకం. జారుడు. మెల్లగా ఆనించి, నొక్కుతూ, వేలు దొర్లిస్తే కింద నుంచి పైకి ఊయలలా పోతుంది. ఆ దారిలో వాయించమనండి.

ముట్టుకుని వాయించే ఎలక్ట్రానిక్ వాద్యాల్లో పేరు పడ్డది క్రాకిల్‌బాక్స్. 1970ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టైమ్ అనే సంస్థలో మిషెల్ వైస్‌విష్ రూపొందించాడు. అరచేతి మీద పట్టే చెక్కపెట్టె, మీద ఆరు లోహపు పట్టీలు, లోపల ఒకే ఒక్క ఆప్‌ఆంప్ (చిన్న సంకేతాన్ని పెద్దది చేసే చిప్పు), బ్యాటరీ, స్పీకరు. ఏ రెండు పట్టీలు ముట్టుకుంటే వాయించే మనిషి ఒళ్ళే సర్క్యూట్‌లో ఒక ముక్క అయిపోతుంది. దాని మీదా స్వరాలు లేవు. అంతకు చాలా ముందు, 1920 ప్రాంతంలో, రష్యాలో లెవ్ థెరెమిన్ అసలు ముట్టుకోకుండానే వాయించే వాద్యం చేశాడు. చేతికీ ఏంటెనాకీ మధ్య కెపాసిటెన్స్ మారితే స్వరం మారుతుంది. దాని మీద స్వరం పట్టాలంటే గాల్లో చెయ్యి వణక్కూడదు, ఏళ్ళ సాధన కావాలి.

మీరు ముట్టుకోకుండానే కూసే పెట్టె చేశారు కాబట్టి థెరెమిన్ పక్కన కూర్చోబెట్టొచ్చు. నవ్వకండి.

ఒక సలహా. పిల్లల్ని చేతులు పట్టుకోమని గొలుసు కట్టించండి. మొదటివాడు ఒక రేకు మీద, చివరివాడు రెండో రేకు మీద వేలు. ఒక్కొక్కరు కలిసే కొద్దీ కూత ఎలా దిగుతుందో చూడండి.


మూడుకాళ్ళ_ట్రాన్సిస్టర్ (విజయనగరం)
జులై 12, ఉదయం

గొలుసు కడితే బ్యాటరీ మీదే కట్టండి, మళ్ళీ చెబుతున్నాను. విసుగనిపించినా సరే.

బాబాయి గారికి దండం. అప్పటిదాకా నేను నకిలీ ఐసీ అనే అనుకున్నాను.


గురుమా_పర్లాకిమిడి
జులై 17, రాత్రి

మొన్న శనివారం సంగతి చెబుతాను, కాస్త పొడుగు అవుతుంది.

ముందు ఫాయిలు పీకించాను. నాలుగు అట్టల్లో మూడింటి వెనక ఎర్రమట్టి మచ్చలు, పెసరగింజంతవి. ఒకచోట ఫాయిలు చిల్లు కూడా పడింది. పిల్లలు తుప్పు అన్నారు. అల్యూమినియం తుప్పు తెల్లగా ఉంటుంది కదరా అంటే అందరూ గప్‌చిప్. తర్వాత వెనక బెంచీ పిల్ల ఒకతి, సరిగమలు కావాలన్న పిల్లే, “రాగి గురుమా” అంది. నేను ఎప్పుడూ బీకరులో ఇనప మేకు వేసి చూపించే పాఠం ఇది. ఈసారి పిల్లలే చేసి తెచ్చారు, వాళ్ళకి తెలియకుండా.

అప్పుడు మధ్యాహ్న భోజనం పొయ్యి దగ్గరికి వెళ్ళాం. అన్నం దించేశారు, నిప్పులు ఇంకా ఉన్నాయి. ఒక అట్టని పొయ్యి గట్టు మీద ఇరవై నిమిషాలు ఆరబెట్టాం. వంట చేసే అమ్మ “ఇదేం వంటమ్మా” అంటోంది. తెచ్చి తగిలిస్తే చప్పుడు లేదు. వేలు పెడితే కూత, తీస్తే మౌనం, ఏప్రిల్లో లాగే. బయట సన్నగా జల్లు పడుతోంది. అట్టని కిటికీ మీద పెట్టి పాఠం చెప్పుకుంటున్నాం. గంట దాటాక టిక్... టిక్... అంది. తర్వాత టిక్కులు దగ్గరపడ్డాయి, దగ్గరపడి దగ్గరపడి గుర్రు అయిపోయాయి. క్లాసంతా కిటికీ దగ్గరే ఉంది. బోర్డు మీద నేను ఏం రాస్తున్నానో ఒక్కరూ చూడలేదు.

తర్వాత మూడు పెట్టించాను. తాత జిగురు అట్ట ఒకటి. ఉప్పూ తుత్తం లేకుండా వట్టి మైదాతో అంటించి అప్పటికప్పుడు పొయ్యి మీద ఆరబెట్టిన అట్ట ఒకటి. రాగి టేపు వేసిన ప్లాస్టిక్ స్వీటు డబ్బా మూత ఒకటి. టేపు పాతపట్నంలో దొరకలేదు, బరంపురం వెళ్ళే ఒకాయన తెచ్చిపెట్టారు. సాయంత్రం నాలుగింటికి తాత అట్ట ఎప్పట్లాగే పెద్ద గొంతుతో కూస్తోంది. వట్టి మైదా అట్ట టిక్కు టిక్కు మంటోంది, కూత దాకా రాలేదు. మూత అసలు మాట్లాడలేదు. కాబట్టి నేరం అంతా తాత చెంచాది కాదు, అట్టకీ వాటా ఉంది. తాతకి ఆ మాట చెప్పాను, సంతోషించాడు. ఆయన్ని ఏమీ అనలేదు బాబాయి గారూ.

గొలుసు కూడా కట్టాం, బ్యాటరీ మీదే. ఇక్కడ నేను ఊహించనిది ఒకటి జరిగింది. మూత మీద ఇద్దరు, ముగ్గురు, నలుగురు చేతులు కలుపుకుంటూ పోతే కూత దిగుతూ దిగుతూ తొమ్మిదో వాడి దగ్గరికి వచ్చేసరికి గుర్రు గుర్రుమంది, ఒకడు చెయ్యి వదులుగా పట్టుకుంటే టిక్కులే. అదే గొలుసు తాత అట్ట మీద పెడితే కూత ఒక చోట దాకా దిగి ఆగిపోయింది. ఎంతమంది కలిసినా ఇంక దిగదు. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. గొలుసు ఎంత పొడుగైనా పక్కనే ఆ 3 మెగా ఓమ్‌ల తడి దారి తెరిచే ఉంది కదా. సమాంతరంగా. పిల్లలకి సిరీస్, పేరలల్ లెక్కలు పుస్తకంలో ఎన్నిసార్లు చేయించానో. గొలుసు సిరీస్, జిగురు పేరలల్ అని బోర్డు మీద గీస్తే ఈసారి ఒకడు కూడా “ఎందుకు” అనలేదు. మధ్యలో ఒక చిన్న గొడవ కూడా అయింది. చేతులు చెమట పట్టే పిల్లలు కలిస్తే కూత ఎక్కువ, పొడిగా ఉన్నవాళ్ళు కలిస్తే తక్కువ. చెమట చేతులవాణ్ణి ఏడిపిస్తుంటే ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత వాడినే గొలుసుకి మొదట నిలబెట్టాను, వాడి వల్లే గట్టిగా పలికింది.

సరిగమల పిల్లకి రాయగడ గారు చెప్పింది వినిపించాను. కాసేపు మొహం ముడుచుకుంది. తర్వాత రెండు చేతుల బొటనవేళ్ళతో మూత మీద ఏదో దొర్లించింది, పాత కిర్రు తలుపు తీస్తున్నట్టు మొదలై చివరికి పసిపిల్ల ఏడుపులా అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు సరిగమల ఊసెత్తట్లేదు.

చిక్కంతా తీరింది కానీ ఒక కొత్త తగవు వచ్చింది. మూత పెట్టెని పిల్లలు ఒప్పుకోవట్లేదు. “ఇది ఉత్త బెల్లు గురుమా, మా బెంగ ఏది?” అంటున్నారు. తాత జిగురు అట్టని కిటికీ మీదే పెట్టమని పట్టు. వాన రాబోయే ముందు దాని గొంతు పెరుగుతోందట. నేను యాప్ పెట్టి చూశాను, నిన్న పొద్దున్న ఎండ కాసినప్పుడు 150 దగ్గర, మధ్యాహ్నం మబ్బు పట్టాక 260. వాన మూడింటికి పడింది. ఒక్క రోజు చూసి ఏమీ చెప్పలేను గానీ, వాళ్ళు రిజిస్టరు కూడా పెట్టేశారు, మొదటి పేజీలో తేదీ, టైము, హెర్ట్జ్, వాన పడిందా లేదా అని నాలుగు గళ్ళు. హెడ్మాస్టరు గారు వచ్చి “ఇదేం చప్పుడు” అంటే “వాతావరణ కేంద్రం సార్” అని చెప్పారు.


పాత_రేడియో (గుణుపురం)
జులై 18, ఉదయం

రిజిస్టరులో ఇంకో గడి పెట్టించు, జిగురు ఎప్పుడు పూశారో. పాతబడే కొద్దీ ఫాయిలు తినేస్తుంది, లెక్క మారిపోతుంది. రెండు నెలలకోసారి కొత్త అట్ట చెయ్యాలి, అదే గిన్నె, అదే చెంచా.

రాత్రిపూట మాత్రం బ్యాటరీ క్లిప్పు తీసేసి వెళ్ళమను. 555 ఊరికే కూర్చున్నా కొన్ని మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటుంది, ఇక స్పీకరుతో రాత్రంతా కూస్తే తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతుంది. 7555 అని సీమాస్ రకం దొరుకుతుంది, కాళ్ళు అవే, తాగేది చాలా తక్కువ, పెద్ద నిరోధాల దగ్గర లెక్క కూడా సరిగ్గా ఉంటుంది. కాకపోతే దాని గొంతు కొంచెం చిన్నది, 8 ఓమ్‌ల స్పీకరుని నేరుగా మొయ్యలేదు. పీజో బిళ్ళ (బజర్లలో ఉండే పలచటి బిళ్ళ) పెట్టుకోండి.


గురుమా_పర్లాకిమిడి
జులై 18, మధ్యాహ్నం

నిన్న రాత్రి తీయడం మర్చిపోయాం. పొద్దున్న వచ్చేసరికి చచ్చిపోయి ఉంది. పాలు పోసే అతను స్కూలు వెనక రాత్రంతా కప్ప అరిచిందని చెప్పాడట.